తిరగని తుంటి

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన కార్యదర్శి నన్ను "మన లేడీస్ బ్యాచ్ మేడమ్" అని పరిచయం చేశాడు. ఇరవై ఆరేళ్లు గోల్ఫ్ నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. మైకు నా చేతికి రాగానే ముందు ఆ తప్పు సరిదిద్దాను, తర్వాత కృతజ్ఞతలు చెప్పాను. శాలువా పట్టుకున్నాయన కప్పాలో వద్దో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఇవాళైనా ఊరుకోవచ్చుగా, రాజ్యం?" అన్నారు.

ఊరుకోవడం నాకు చేతకాదు. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఏ మాటన్నారో నాకు గుర్తుంటుంది. ఈ వ్యాసం రాయడానికి ఆ గుర్తు బాగా పనికొస్తోంది. అదే అలవాటు ఒక మనిషికి ఎంత చెరుపు చేసిందో కూడా ఇందులోనే చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు మిగతాదంతా వదిలేసినా ఆ భాగం చదివితే చాలు.

నేను చేసిన పని

మాది తెనాలి వైపు. నాన్నగారి ఉద్యోగం వల్ల దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. కొత్తపేటలో ఒక బడిలో ఆటల టీచరుగా చేరాను. ఆటస్థలంలో కొత్త భవనం లేచింది, ఆటలు పోయాయి, వాటితోపాటు నేనూ పోయాను. అప్పట్లో ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వెళ్లే దారిలో, చుట్టూ ఎత్తయిన వలలు కట్టిన గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో సహాయ కోచ్ కావాలన్నారు. గోల్ఫ్ కర్ర అప్పటిదాకా ముట్టుకోలేదు. నేర్పించి మరీ తీసుకున్నారు. మా ఆడపడుచు ఇప్పటికీ "మా వదిన బంతులు ఏరే చోట పనిచేసేది" అని చెబుతుంది. పెళ్లిళ్లలో, నలుగురూ వినేలా చెబుతుంది.

నిజానికి నా పని ఒక మనిషి వెనక నిలబడి అతని తుంటిని చూడటం.

గోల్ఫ్‌లో బంతి కదలకుండా ఉంటుంది. మనిషీ ఉన్నచోటే ఉంటాడు. కర్ర ఒక్కటే తిరిగి వస్తుంది కాబట్టి చూసేవాళ్లకు అదంతా చేతుల పనిలా కనబడుతుంది. నేర్చుకునేవాడు కూడా అలాగే అనుకుని చేతులతో బాదుతాడు. కుడిచేతి ఆటగాడు కర్రను వెనక్కి ఎత్తేటప్పుడు కుడి తుంటి ఉన్నచోటే వెనక్కి తిరగాలి, పక్కకు జారకూడదు. బరువు కుడి పాదం లోపలి అంచు మీద ఆగాలి. కొట్టేటప్పుడు ముందు కదలాల్సింది ఎడమ తుంటి. అది కాస్త ముందుకు ఒరిగి, ఆ వెంటనే వెనక్కి తప్పుకుని దారి ఇస్తుంది. ఆ దారిలో భుజాలు వస్తాయి, వాటి వెనక చేతులు, అన్నిటికన్నా చివర కర్ర. చేతులు తొందరపడితే బంతి వంకర తిరిగి పక్క వలలో పడుతుంది. తుంటి పక్కకు జారితే బంతికి ముందే కర్ర నేలను తవ్వుతుంది.

చెప్పడానికి ఇంతే. ఒంట్లోకి ఎక్కడానికి నెలలు పడుతుంది.

గంజి గిన్నె

ఈ మలుపు ఎలా నేర్పాలో నాకు పుస్తకాలు చెప్పలేదు. హస్తినాపురం నుంచి వచ్చే ఒకావిడ చెప్పింది. రెండు నెలలుగా ఆవిడ తుంటి కదిలేది కాదు.

"నాతోని కాదు మేడం. ఇడిసిపెట్టుండ్రి," అంది ఒకరోజు.

విసుగులో నేనడిగాను. "ఇంట్లో అన్నం కుక్కర్లో వండుతారా, వారుస్తారా?"

"గంజి వంచుతం. మా మామకు కుక్కరు బువ్వ పడది."

బంతుల బకెట్ ఇచ్చి, అదే గిన్నె అనుకుని వంచి చూపించమన్నాను. ఆవిడ కొంగుతో బకెట్ రెండు అంచులూ పట్టుకుంది. పొయ్యి ఒక పక్క, సింకు ఇంకో పక్క, మధ్యలో ఒక మనిషి పట్టే చోటు మాత్రమే ఉండే కిరాయి ఇంటి వంటగదిలో నిలబడినట్టే నిలబడింది. పాదాలు కదపలేదు. చేతులతో గిన్నెను తిప్పితే గంజి ఒంటి మీద పడుతుందని ఆవిడ ఒంటికి తెలుసు. తుంటి తిరిగింది, గిన్నె దాని వెంట వెళ్లింది.

"ఇదే. ఇప్పుడు కర్రతో చేయండి."

చేసింది. బంతి నేరుగా వెళ్లి దూరపు వలకు తగిలింది. ఆవిడ నా వైపు తిరిగి, "గింతేనా? గీ మాత్రం దానికి రెండు నెలల సంది నన్ను సతాయించిన్రా?" అంది.

సంతోషంతో వెళ్లి మా చీఫ్ కోచ్‌కు చెప్పాను. సికింద్రాబాద్ మనిషి, సైన్యంలో పనిచేసి వచ్చినాయన. పేరు రాయను. ఆయన టీ తాగుతూ అందరి ముందూ, "మేడమ్, ఇది గోల్ఫ్ క్లాసా, వంట క్లాసా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

కొన్నాళ్లకు ఒక కంపెనీ వాళ్లు ఇరవై మంది వచ్చారు. చీఫ్ కోచ్ వాళ్ల ముందు నిలబడి, బకెట్ అందుకుని, "ఊహించుకోండి, మీ చేతిలో వేడి అన్నం గిన్నె ఉంది," అని మొదలుపెట్టాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయనకు బకెట్ అందించింది నేనే.

యాజమాన్యానికి రెండు పేజీల ఫిర్యాదు రాశాను. పరిశీలిస్తామన్నారు. మళ్లీ రాశాను. మూడో ఉత్తరం తర్వాత గేటు దగ్గర రోడ్డు వైపు ఒక బోర్డు పెట్టారు: "తుంటి కదలికలో ప్రత్యేక శిక్షణ". కింద నా పేరు మాత్రం లేదు. అప్పటి నుంచి చీఫ్ కోచ్ ఏది చెప్పినా నేను వినేదాన్ని కాదు. పైకి వింటున్నట్టు కనబడేదాన్ని, అంతే.

బోర్డు చదివి వచ్చిన మనిషి

ఐదారేళ్ల కిందట ఒక ఉదయం ఆ బోర్డు ముందు నిలబడి ఒక్కో అక్షరం చదువుతున్న మనిషిని చూశాను. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో హెల్మెట్. పేరు భిక్షపతి. పోచంపల్లి దగ్గరి పల్లెలో నేత కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో తమ్ముడు యాదగిరితో కలిసి చీరల దుకాణం నడుపుతున్నారు.

"గోల్ఫ్ ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారండీ?" అని అడిగాను. ప్రతివాళ్లనీ అడుగుతాను.

"చిన్నప్పుడు చిర్రగోనె మస్తు ఆడిన మేడం. కర్రతోని కొట్టుడే గద, గదీ గిదీ ఒక్కటే."

చిర్రగోనె అంటే మేం బిళ్లంగోడు అనే ఆట. "అందులో బిళ్ల లేపి కొడతారు. ఇక్కడ బంతి కదలదు," అన్నాను.

"కదలనిదాన్ని కొట్టుడు ఇంకా అల్కగ!"

నాకు ఆ మనిషి నచ్చాడు. మొదటి రోజు క్లాసు అయ్యాక చీఫ్ కోచ్ ఆఫీసు మెట్ల మీద నుంచి పిలిచాడు.

"మేడమ్, ఈయన్ని నాకు వదిలేయండి. ఆ నడక చూశారా? ఆ కుడికాలు..."

నేను పూర్తి చెయ్యనివ్వలేదు. "గంజి గిన్నె తీసుకున్నారు. ఇప్పుడు మనిషిని కూడా తీసుకుంటారా?"

ఆయన రెండు చేతులూ పైకెత్తి, "మీ ఇష్టం," అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను చాలా తృప్తిగా ఉన్నాను.

భిక్షపతి గారు వారానికి మూడు రోజులు వచ్చేవారు. ఒక్క క్లాసూ తప్పలేదు. చేతి మణికట్టు చూడముచ్చటగా ఉండేది, మెత్తగా, సరైన వేళకు తిరిగేది. తుంటి మాత్రం తిరిగేది కాదు. కర్ర వెనక్కి ఎత్తినప్పుడల్లా కుడి తుంటి పక్కకు జారిపోయేది. జారకుండా కుడి పక్కన నేలలో ఒక పుల్ల పాతాను. ప్రతిసారీ తుంటి తగిలి పుల్ల పడిపోయేది. ఆయన కుడి పాదం ఎప్పుడూ బయటికి తిరిగి ఉండేది. పుస్తకంలో పాదం నేరుగా ఉండాలని ఉంది. నా బూటుతో ఆయన బూటును తట్టి నేరుగా పెట్టించేదాన్ని. రెండు బంతులు కొట్టేలోగా అది మళ్లీ బయటికి తిరిగేది. మళ్లీ తట్టేదాన్ని.

లేసులు లేని చెప్పుల్లాంటి బూట్లు వేసుకొచ్చేవారు. "మంచి బూట్లు కొనుక్కోండి," అంటే, "లేసులు కట్టుడు సతాయింపు మేడం," అనేవారు. బెంచీ మీద కూర్చుంటే కుడికాలు ముందుకు చాపేవారు. ఇవన్నీ నేను చూశాను. చూసి, శ్రద్ధ లేదని రాసుకున్నాను.

నాలుగో నెలలో ఒక శనివారం, వరండా నిండా జనం. పుల్ల ఏడోసారి పడింది. నాకు ఒళ్లు మండింది. గట్టిగానే అన్నాను.

"పొద్దస్తమానం దుకాణంలో పరుపు మీద కూర్చుని తుంటిని బండరాయి చేసుకున్నారు. నేర్చుకోవాలని ఉంటే ఒళ్లు వంచండి. లేదంటే మీ పరుపు మీదే కూర్చోండి. నా టైము ఎందుకు పాడుచేస్తారు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. భిక్షపతి గారు వంగి పుల్ల తీయబోయారు. వంగలేక, కాలితో పక్కకు నెట్టి, "గట్లనే మేడం," అన్నారు. కర్ర స్టాండులో పెట్టి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి రాలేదు. రెండు వారాలైనా ఫోను లేదు. నాలుగు నెలలు నేర్పిన మనిషికి ఒక మాట చెప్పాలని కూడా లేదా అనుకున్నాను. నా మనసులోని జాబితాలో భిక్షపతి గారి పేరు కూడా చేరింది.

పరుపు మీద

అడిగి తేల్చుకుందామనే వెళ్లాను. చీర కొనడం వంక. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, హాస్టల్ పిల్లల మధ్య నుంచి దారి చేసుకుని, సందులోకి తిరిగాను. చిన్న దుకాణం. ముందు గల్లా దగ్గర కుర్చీ, దాని మీద యాదగిరి. వెనకంతా మోకాలి ఎత్తు అరుగు, దాని మీద పరుపు, పైన తెల్ల దుప్పటి. మధ్యలో భిక్షపతి గారు.

నన్ను చూశారు. లేవలేదు. "రాండ్రి మేడం, కూసోండ్రి," అని ముందున్న చోటు చూపించారు. నేర్పిన మనిషి వస్తే లేచి నిలబడలేదే అని అది కూడా లెక్కలో వేసుకున్నాను.

అప్పటికి ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూస్తున్నారు. భిక్షపతి గారు ఒక మడత చీర ఎడమ చేత్తో పట్టుకుని కుడి మణికట్టు ఒక్కసారి విదిల్చారు. చీర గాల్లో తెరుచుకుని, పరుపు మీద ముడత లేకుండా పరుచుకుంది. అంచు సరిగ్గా వాళ్ల మోకాళ్ల దగ్గర ఆగింది. ఇంకోటి. దాని మీద ఇంకోటి. ఆ మణికట్టు ఎక్కడిదో నాకు అప్పుడు అర్థమైంది.

తర్వాత ఆయన మోకాళ్లు చూశాను. బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎడమ మోకాలు పరుపును ఆనుకుంది. కుడి మోకాలు జానెడు ఎత్తులో లేచి ఉంది. దాని కింద ఎవరికీ కనబడకుండా పాత చీరల మూట ఒకటి దోపి ఉంది.

ఇరవై ఏళ్లు తుంట్లు చూసిన కన్ను నాది. చూడగానే చెప్పగలను. ఆ కీలు పోయింది.

ఆయన నా కోసం నీళ్లు తేవడానికి లేవబోయారు. యాదగిరి గల్లా వదిలి పరిగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేశాడు. "అన్నా, నువ్వు లేవకు, నేను తెస్త గద!"

"ఎన్నాళ్ల నుంచి?" అని యాదగిరిని అడిగాను.

"రెండేండ్ల సంది. దవాఖానల సూపిచ్చినం. తుంటి కీలు అరిగింది, మార్చాలె అన్నడు డాక్టరు. ఈయన ఇంటలేడు మేడం. మీరన్న జెప్పుండ్రి."

"నువ్వు గల్లా కాడికి పో," అన్నారు భిక్షపతి గారు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె నేర్పుతుంటిరా మీరు?" దుప్పటి మడత సర్దారు. "ఆపరేషన్ అయినంక కింద కూసోవద్దంట మేడం. బాసిపట్లు ఏసుడు బందు. పరుపు మీద కూసోనోన్ని గీ దుకాన్ల నేనేం జేస్త? ముప్పై ఏండ్ల సంది గిరాకి నా చేతిల చీర చూసుకుంట వస్తున్నది. గల్లా కాడ కుర్చేసి బొమ్మ లెక్క కూసోబెడ్తరు. మీ బోర్డు మీద తుంటి కదలిక నేర్పుతమని ఉండె. కసరత్తుతోని ఒదులైతదేమో, కోత తప్పుతదేమో అనుకున్న. గంతే."

చిర్రగోనె సంగతి అబద్ధం కాదు, కానీ ఆయన వచ్చింది దాని కోసం కాదు. లోపలికి తిరగలేని తుంటికి ఊరట ఇవ్వడానికే ఆ పాదం బయటికి తిరిగేది. నేను నాలుగు నెలలు బూటుతో తట్టి దాన్ని లోపలికి నెట్టాను. ఆ మనిషి ప్రతిసారీ నొప్పి మింగి "గట్లనే మేడం" అన్నాడు.

నా ఇరవై ఆరేళ్లలో నన్ను క్షమించమని అడగాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కరూ అడగలేదు. అందుకని నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ రోజు మాత్రం, మాట అన్నది నలుగురి ముందు కాబట్టి, క్షమాపణ కూడా నలుగురి ముందే ఉండాలనిపించింది. లేచి నిలబడ్డాను.

"భిక్షపతి గారూ, తప్పు నాది. చూడాల్సింది చూడకుండా మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చాను. క్షమించండి."

చీరలు చూస్తున్న ఇద్దరిలో ఒకావిడ చేతిలో చీర అలాగే ఆపి, "ఏమైందమ్మా? ఈ షాపులో రంగు పోతుందా?" అని నన్నడిగింది.

"రంగు మాట కాదమ్మా! రంగు మాట కానే కాదు!" అని అన్నదమ్ములిద్దరూ ఒకేసారి అరిచారు. భిక్షపతి గారు నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "గిరాకి ముంగట గిదంత అవసరమా మేడం? మీరు జర కూసోండ్రి," అన్నారు.

చీఫ్ కోచ్ దగ్గరికి

మర్నాడు చీఫ్ కోచ్ గదిలోకి వెళ్లాను. నేను ఫిర్యాదు లేకుండా ఆ గదిలోకి వెళ్లడం అదే మొదటిసారి కాబట్టి ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"భిక్షపతి గారు వచ్చిన మొదటి రోజు మీరేదో చెప్పబోయారు. ఏమిటది?"

"కుడి పాదం బయటికి పెట్టి నడుస్తున్నాడని. మా నాన్నకీ అలాగే ఉండేది. ముందు డాక్టరుకు చూపించమందామని."

ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం నేను విని ఉంటే నాలుగు నెలల నొప్పి తప్పేది. విననిది చెవులు లేక కాదు, గంజి గిన్నె వల్ల. కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ పై అధికారి మీ మాట దొంగిలించవచ్చు, మీ పేరు బోర్డు మీద లేకుండా చేయవచ్చు. పోట్లాడండి, నేనూ పోట్లాడాను. అయితే ఆయన ఒక మనిషి నడక గురించి మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినండి. ఆ కాలు మీదీ కాదు, ఆయనదీ కాదు.

"నాదే పొరపాటు," అన్నాను. "గంజి సంగతి మాత్రం వేరు."

"ఇంకా అదేనా మేడమ్?"

"ఇంకా అదే."

ఆయన నవ్వి, ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. కీలు మార్పించుకున్న సైన్యపు పెద్దలకు ఆయన నేర్పి ఉన్నాడు. పాదం కొంచెం బయటికి పెట్టించాలి, మడమ లేవనివ్వాలి, పాదం కూడా తుంటితోపాటు తిరగాలి, పాతుకుపోయిన పాదం మీద ఒళ్లు మెలి పెట్టనివ్వకూడదు. గంటసేపు ఓపిగ్గా చెప్పాడు. మంచి కోచ్ అని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. అది నాకు కష్టంగానే ఉంది.

ఆ రోజు నుంచి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మొదటి క్లాసులో కర్ర ఇవ్వలేదు. గేటు నుంచి నడిచి రమ్మనేదాన్ని. కుర్చీలో కూర్చుని లేవమనేదాన్ని. బూట్ల లేసు కట్టుకోమనేదాన్ని. "డబ్బు కట్టింది లేసులు కట్టడానికా?" అని విసుక్కున్నవాళ్లున్నారు. విసుక్కోనిచ్చాను.

బల్ల

ఎల్బీనగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి అన్నదమ్ములతో నేనూ వెళ్లాను. వాళ్లకు అడగడం మొహమాటం, నాకు అది లేదు. నిలబడి పనిచేయవచ్చా, ఎన్ని నెలల తర్వాత, ఎంత వరకు వంగవచ్చు, ఒళ్లు తిప్పవచ్చా, పాదం కదుపుతూ తిప్పితే ఎలా, కదపకుండా తిప్పితే ఎలా అని అడిగాను. డాక్టరు గడియారం చూశాడు. నేను చూడనట్టు ఇంకో నాలుగు అడిగాను. కింద కూర్చోవడం ఒక్కటి వదులుకుంటే, కొన్ని నెలలకు నిలబడి మామూలుగా పని చేసుకోవచ్చన్నాడు ఆయన.

బయటికొచ్చాక భిక్షపతి గారు ఆటో ఎక్కకుండా నిలబడిపోయారు. "నిలవడి చీర ఇసురుడా? చీరంటె దుప్పటి అనుకున్నరా మేడం దులుపనీకి? కూసుంటెనే అది సాఫుగ పడ్తది."

"అన్నా, నీ పానం బాగుంటె సాలు," అన్నాడు యాదగిరి. "పెండ్లిళ్ల సీజన్ల నేను పరుపు మీద కూసుంట. నువ్వు గల్లా సూసుకో."

ఆ మాటకు భిక్షపతి గారి మొహంలో ఏం కదిలిందో నేను చూశాను. తమ్ముడు ప్రేమగానే అన్నాడు. అయినా అది ముప్పై ఏళ్ల మనిషిని పక్కకు జరపడమే.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద నా చీరలు నేనే విసిరి చూశాను. అన్నీ కుప్పగా పడ్డాయి. మా ఆయన పేపరు దించి, "ఇంట్లో దుకాణం పెట్టావా?" అన్నారు. ఇరవైసార్లు విసిరాక తెలిసింది. కూర్చున్నప్పుడు ఆయన ఒంటికి నేల ఆధారం, మణికట్టు ఒక్కటి చాలు. నిలబడితే ఆధారం పాదాల్లోంచీ తుంట్లోంచీ రావాలి. నేను చేతులతో విసురుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు బంతిని బాదినట్టే.

నిలబడి విసరడం నేను నేర్పుతానని చెబితే భిక్షపతి గారు చివరికి ఒప్పుకున్నారు. ఆపరేషన్ అయింది. చేతికర్ర పట్టుకుని నడిచారు, తర్వాత అదీ వదిలారు. డాక్టరు సరేనన్నాక దుకాణంలో అరుగు తీయించి నడుము ఎత్తు బల్ల చేయించారు. బల్ల మీద అదే పరుపు, అదే తెల్ల దుప్పటి ఉండాలని భిక్షపతి గారు పట్టుబట్టారు. దుకాణం తెరవకముందు రోజూ పొద్దున్నే నేను వెళ్లేదాన్ని.

మొదటి రోజు చీర సగం దూరంలోనే కూలబడింది. అంచు వంకర పోయింది. యాదగిరి మొహం తిప్పుకున్నాడు.

"పాదం కదపండి," అన్నాను.

"నాలుగు నెలలు కదపొద్దని కొట్లాడితిరి గద మేడం."

"అప్పుడు తప్పు చెప్పాను. ఇప్పుడు కదపండి. కుడి పాదం కొంచెం బయటికి. చీర వెనక్కి తీసేటప్పుడు పాదం కూడా తిరగనివ్వండి. ముందుకు వచ్చేటప్పుడు ముందు తుంటి, మడమ లేవనివ్వండి, మణికట్టు చివర్లో."

"చీర ఇసురుడు నాకు మీరు నేర్పుతున్నరు!"

"అవును. మూట కట్టి నన్ను పంపించేద్దామని ఉందా?"

"ఉన్నది. గని జర అయినంక."

మూడు వారాలు పట్టింది. ఒకరోజు అంచు నేరుగా పడేది, మర్నాడు పడేది కాదు. ఆయన కోపం తెచ్చుకునేవారు. నాతో కాదు, చీరతో. "ఏందే నీ నఖ్రాలు?" అని చీరనే తిట్టేవారు. అప్పటికి పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడ్డాయి. యాదగిరి ఏమీ అనేవాడు కాదు కానీ, గల్లా పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. మెత్తటి దిండుతో. అది ఎవరి కోసమో ముగ్గురికీ తెలుసు. భిక్షపతి గారు దాని మీద తన హెల్మెట్ పెట్టేవారు.

ముహూర్తాలు మొదలైన రోజు నేను ఒక మూల స్టూలు మీద కూర్చున్నాను. వనస్థలిపురం నుంచి ఒక పెళ్లికూతురు, వాళ్లమ్మ, మేనత్త వచ్చారు. మేనత్త పాత గిరాకీ. బల్ల చూసి, "భిక్షపతన్నా, నువ్వు నిలవడ్డవేందే? ఎవరితోనన్న కొట్లాటకు పోతున్నవా?" అంది.

"మీతోని బేరం కొట్లాటనే గదక్కా," అన్నారు ఆయన.

ఎర్ర చీర ఒకటి తీశారు. కుడి పాదం బయటికి ఉంది. చీర వెనక్కి వెళ్లింది, పాదం దానితో తిరిగింది. తుంటి ముందుకు వచ్చింది, మడమ లేచింది, మణికట్టు చివర్లో విదిలింది. చీర బల్ల పొడవునా తెరుచుకుని, ముడత లేకుండా పరుచుకుని, అంచు పెళ్లికూతురి చేతి దగ్గర ఆగింది.

యాదగిరి గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు.

మేనత్త పెదవి విరిచింది. "ఇది మనవాళ్లకు నచ్చదు. గా పైన పచ్చది ఉన్నది చూడు, గది తీయి."

భిక్షపతి గారు వెనక అల్మారా వైపు తిరిగారు. ముందు పాదం, దానితో తుంటి, ఆ తర్వాత చేయి పైకి వెళ్లింది. పచ్చ చీర దించి మళ్లీ విసిరారు. యాదగిరి మెల్లగా వచ్చి, గల్లా పక్కనున్న మెత్తటి కుర్చీ మీది హెల్మెట్ తీసి గల్లా మీద పెట్టి, కుర్చీని ఎత్తి తెచ్చి మేనత్త వెనక వేశాడు.

"కూసోండ్రి అక్కా. ఇంక చానా చూపిస్తడు అన్న."

ఆ రెండో విసురులో మడమ ఒక క్షణం ఆలస్యంగా లేచింది. నేను చూశాను. నోటి దాకా వచ్చింది. ఏమీ అనలేదు. నా ఇరవై ఆరేళ్లలో నేను ఏమీ అనకుండా ఊరుకున్న సందర్భాల్లో నాకు బాగా గుర్తున్నది అదొక్కటే.